పెరటి బాత్రూమ్ సామానుగది కావాలంట

జూలై 6, సోమవారం

అబ్బాయి రాజు నడుంనొప్పి ఎలా ఉంది? కాస్త నయం. రైల్వే వర్క్‌షాపుకి వెళ్ళాడు. కోడలు రమణమ్మకి అయిదో నెల. కాళ్ళ వాపు తగ్గలేదు, అన్నం మాత్రం తింటోంది. మనవరాలు చిట్టికి ముక్కు కారుతోంది. జ్వరం లేదు, మెడ కింద చెయ్యి పెట్టి చూశాను... పెట్టకుండా ఉండాల్సింది.

నాకు? సాయంత్రమయ్యేసరికి మళ్ళీ ఒళ్ళు వెచ్చన. దగ్గు. పెరటి బాత్రూమ్‌లోకి పోయి, తలుపేసి, కొళాయి విప్పి దగ్గాను. నీళ్ళ చప్పుడులో వినపడదు. కొళాయి నీళ్ళు వచ్చే వేళకే దగ్గూ వస్తే ఎంత బాగుండును.

మా అక్క దగ్గూ ఇలాగే మొదలైంది. క్షయ అన్నారు.

జూలై 7

అన్నాల దగ్గర రమణమ్మ — "అత్తా, ముందర కొత్త బాత్రూమ్ కట్టినాక ఆ పెరటిది ఊరికే పడుంది గదా. నువ్వొక్కదానివే వాడతన్నావు. సామానుగది సేసేద్దుం. బియ్యం, బొగ్గులు, పుట్టబోయేదాని ఉయ్యాల... వానకి అన్నీ తడిసిపోతన్నాయి."

రాజు — "తూము మూయించేసి అరలు ఏయిస్తే సరి. మేస్త్రీని పిలుస్తాను."

ముద్ద కంచంలోనే వదిలేశాను. వద్దన్నాను. ఎందుకంటే... ఏం చెప్పను? నోటికొచ్చింది అనేశాను — "నా మడికి."

ఇద్దరూ నవ్వారు. రాజయితే — "రైలింజన్ల పక్కన కాపరమున్నోళ్ళకి మడేటి అమా! బొగ్గునుసి వచ్చి నీ చీర మీద వాలితే దాన్నేటి సేత్తావు, తానం సేయిత్తావా?"

నేనూ నవ్వాను. నవ్వితే దగ్గొచ్చింది. లేచిపోయాను.

జూలై 8

మడి అన్నాను కాబట్టి ఇప్పుడు మడి కట్టుకోవాలి. చూస్తున్నారు కదా. పొద్దున్నే చన్నీళ్ళు, తడి చీర. వాన గాలి. దగ్గు రెట్టింపయింది.

జూలై 10

చిట్టి వచ్చి ఒళ్ళో తల పెట్టబోయింది. "మామ్మా, కతా." తోసేశాను. "పో, మడి!"

వాళ్ళమ్మ దగ్గరికి పోయి ఏడ్చింది. "మామ్మకి నేను మైలంటమ్మా."

రమణమ్మ విని, గిన్నె మీద మూత గట్టిగా పెట్టింది.

నా బంగారు తల్లీ, మైలపడింది నువ్వు కాదే.

జూలై 11

గోడవతల క్వార్టరులో బెంగాలీ ఆవిడ. బట్టలు ఆరేస్తూ, "ఎతో కాశి కేనో, మాసీమా?" ఇంత దగ్గేమిటని. బొగ్గుల పొయ్యి పొగ, దీదీ, అన్నాను. నమ్మినట్టు లేదు. రమణమ్మతో అంటుందేమో. ఇవాళంతా గోడ దగ్గర మాట వినిపిస్తే చాలు, పని ఆపి చెవి అటే పెడుతున్నాను.

జూలై 13

ఉమ్మిలో ఎర్రగా. దారప్పోగంత. ఆకూ వక్కా అనుకుందామంటే నేను మానేసి ఏళ్ళయింది.

ఫినాయిలు పోశాను. మళ్ళీ పోశాను. తొందరలో సగం గుమ్మం మీద ఒలికింది.

జూలై 14

ఆలోచన తెగడం లేదు.

గది ఇచ్చేస్తే — నేను ఉమ్మిన చోట బియ్యం మూటలు పెడతారు. ఆ బియ్యమే చిట్టి తింటుంది. నేను ముందరి బాత్రూమ్‌కి పోవాలి. అదే చెంబు, అదే తూము. కడుపుతో ఉన్న పిల్ల నా వెనకే వెళ్ళి స్నానం చెయ్యాలి.

ఇవ్వకపోతే — ఎన్నాళ్ళు? మడి అంటే ఎన్నాళ్ళు నమ్ముతారు?

చెప్పేస్తే... అక్కను పశువులశాలలో పడుకోబెట్టారు. అన్నం కంచం అమ్మ కర్రతో లోపలికి తోసేది. అక్క చివరి రోజుల్లో గోడతో మాట్లాడేది.

వద్దు. చెప్పను.

జూలై 15

చిట్టి తుమ్మింది. తుమ్మే కదా. దగ్గు కాదు కదా.

జూలై 16, గురువారం

మేస్త్రీ వచ్చేశాడు! ఝపటాపూర్ పేట రహీం. కొలతలకి. "బడీమా, ఒక్కరోజు పని, ఠీక్ హై?" అంటూ టేపు తీశాడు. నేను గుమ్మంలో రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాను. ఇవాళ మంచిరోజు కాదన్నాను. లోపలికి అడుగు పెడితే ఊరుకోనన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పాపం, ఆయన భయపడి టేపు చుట్టేసుకున్నాడు. రమణమ్మ ఏదో చెప్పి పంపేసింది.

పంపేసి వచ్చి, కడుపు పట్టుకుని ఆ గుమ్మం మీదే కూచుంది. దూరంగా కూచోమన్నాను. కదల్లేదు.

"అత్తా, మడి మనిషికి ఫినాయిలేటి? సీసా వారం తిరక్కుండా అయిపోతంది."

చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"నీ గళాసు నువ్వే తోముకుంటన్నావు. నా దిక్కు రావు. పిల్లని ముట్టుకోవు. మొదట నామీద కోపమనుకున్నాను. నిన్న నిద్దర్లో దుప్పటి కప్పబోతే నీ ఒళ్ళు కాలతంది, అప్పుడు తెలిసింది. ఎన్నాళ్ళనుంచి?"

ఏడుపొచ్చింది. "నన్నెక్కడ పెడతారే?" అని మాత్రం అడిగాను.

"ఎక్కడెట్టడమేటి, నువ్వేటైనా పాత పెట్టెవా! ఇప్పుడు సూదిమందులున్నాయి. మా నాయనకీ ఇదే రోగమొచ్చింది, నీకు సెప్పలేదు, సంబంధం తప్పిపోద్దని. బతికేసినాడు. ఇప్పటికీ కల్లు తాగి మా అమ్మని తిడతన్నాడు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ అందరికీ మందు పని చెయ్యదు కదా. వాళ్ళ నాయన మగవాడు, వయసులో ఉన్నవాడు.

జూలై 17

రమణమ్మ రాజుకి చెప్పిందట. వాడు టీ గ్లాసు తెచ్చి నా చేతికే ఇవ్వబోయాడు. కింద పెట్టమన్నాను. పెట్టలేదు, అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తీసుకున్నాను.

పోతూ పోతూ, "గది సంగతి ఎక్స్‌రే అయినాక సూద్దుం అమా," అన్నాడు.

అంటే — రోగమైతే గది నాది. కాకపోతే బియ్యానిది.

ఇన్నాళ్ళూ ఆ తలుపు పట్టుకుని వేలాడాను. ఇప్పుడు దాని ముందు నుంచుంటే ఒకటే అనిపిస్తోంది. అరలు వెయ్యనీ. తూము మూసెయ్యనీ. బియ్యం, బొగ్గులు, ఉయ్యాల, ఏమైనా నింపుకోండి. నన్ను అందులో పడుకోబెట్టడానికి చోటు లేకుండా నింపేయండి.

జూలై 18, శనివారం

మళ్ళీ ఎర్రగా. రమణమ్మకి చూపించాను. చూసింది. మొహం తిప్పుకోలేదు, కానీ వెంటనే ఆస్పత్రి చీటీ వెతికింది. ఆ తొందరే నాకు భయం.

రైల్వే ఆస్పత్రికి వెళ్ళాలి. రాజుకి సెలవు దొరకలేదు, ఆ పిల్లే వస్తుందట. రెండు రిక్షాలు పిలవమన్నాను.

"రెండేటి, పెళ్ళికెల్తన్నామా? ఒకటి సాలు."

రిక్షాలో సీటు ఇంతే. ఆ కడుపుతో పక్కన కూచుంటుంది. గుంతలొచ్చినప్పుడు నన్ను పట్టుకుంటుంది. నేను మొహం ఏ పక్కకి పెట్టుకోవాలి? గాలి ఎటునుంచి వీస్తుందో ముందే ఎలా తెలుస్తుంది...

ఎల్లుండే. సోమవారం, ఇరవయ్యో తారీకు, పొద్దున్నే.