బడిలోకి నీళ్లొస్తాయా, రావా

విశ్వవిద్యాలయం తుఫాను లెక్కల ఆఫీసులో ఉత్తరాలు విప్పేవారికి,

బూలావన్ నుంచి కాందెలారియా ఓబియాస్ ఆశీస్సులు. తల నెరిసేదాకా ఈ ఊరి పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, దయ్యాలను నమ్మను. కానీ నా కంప్యూటరు నేను ముట్టుకోకుండానే పనిచేస్తోంది. మనవడు జోమార్ ఓడలో వంటపనికి వెళ్తూ, "ఖాళీగా ఉన్నప్పుడు ఇది ఆఫీసువాళ్ల లెక్కలు చేసిపెడుతుంది లోలా, ఆపకు" అన్నాడు. ఆపలేదు. నిన్న అది ఒక వాక్యం రాసిపెట్టింది: బూలావన్ బడి దగ్గర నీరు మనిషి లోతు.

తుఫాను వస్తే ఊరంతా తలదాచుకునేది ఆ బడిలోనే. అప్పటినుంచి అన్నం దిగడం లేదు. ఇది ఎవరి మాట?

భయంతో,
కాందెలారియా

తా.క. బడి మంచిదే. పక్కనున్న చేపల బజారు వల్ల భిన్నాలు ముక్కు మూసుకుని చెప్పాలి, అంతే.

*

గౌరవనీయులు లోలా కాందెలారియా గారికి,

మీ మనవడిలా నేనూ లోలా అంటున్నాను, మా అమ్మమ్మ లాంటివారు మీరు. భయపడకండి. సముద్రం ఎక్కడిదాకా వస్తుందో కట్టే లెక్క చాలా పెద్దది. మా ఒక్క యంత్రానికే వదిలేస్తే తుఫాను వచ్చి వెళ్లాక జవాబొస్తుంది. అందుకే ముక్కలు చేసి ఇళ్లలోని యంత్రాలకు పంచుతాం, మన పల్లెల్లో ఊరంతా తలో వెదురు పట్టి ఒకరి గుడిసెను ఎత్తి కొత్త చోటికి మోసినట్టు. ప్రతి ముక్కనూ మూడిళ్లకు పంపి, ఏ రెండు జవాబులు కలిస్తే వాటిని తీసుకుంటాం. మీ బడి దగ్గరికి నీరు రాదని మిగతా రెండిళ్లూ అన్నాయి. మీ జవాబు పక్కన పెట్టేశాం. హాయిగా భోంచేయండి.

విధేయుడు,
ఎర్విన్ దకనాయ్

తా.క. ఆ రెండిళ్లూ నార్వేలో ఉన్నాయి.

*

నాయనా ఎర్విన్,

అంటే నా బడి మునగదని ఓట్లలో తేల్చారన్నమాట. ఓటేసింది మంచులో కూర్చున్నవాళ్లు. బాగుంది. ఈ దేశంలో పుట్టినదానికి ఎన్నిక గెలవడం ఒకరు నేర్పాలా? తెబాన్ కొట్టులో పెసో బిళ్ల వేస్తే తిరిగే కంప్యూటర్లున్నాయి. అన్నింటినీ మీ జాబితాలో చేర్పించాను. ఆ ముక్కే వాటికి పంపు. తెబాన్‌కు, ఆటలు ఆగిపోయాయని ఏడ్చినవాళ్లకు కూరగాయలూ రొయ్యలూ వేసి పన్సిత్ సేమ్యా వండిపెట్టాను. "తినేది మేం, ఓటేసేది యంత్రం. దాన్నెలా ఒప్పిస్తావు వదినా?" అంది తెబాన్. యజమాని విశ్వాసం యంత్రానికీ ఉంటుందన్నాను.

నవ్వుతూ రాస్తున్నా కానీ, అల చప్పుడైతే ఉలిక్కిపడుతున్నాను.

కాందెలారియా

తా.క. ఫాదర్ గారి కంప్యూటరూ అడిగాను. దేవుడు ఏ పార్టీ కాదట.

*

లోలా,

ఇది ఎన్నిక కాదండీ. ఒక పిల్లవాడి జవాబును పక్కవాడి జవాబుతో సరిచూసుకోవడం. అయినా మీ మాట కాదనలేక ఆ ముక్క కొట్టుకు పంపాను. అక్కడి యంత్రాలన్నీ నీరు రాదనే అన్నాయి. మీది వేడెక్కి తప్పు చేస్తోందేమో. దాని మీద ఏమైనా కప్పారా? తుఫానొకటి మీ వైపే తిరిగింది. బడికి ప్రమాదం లేదని మీ మేయరు ఆఫీసుకు రాశాం. అందరూ అక్కడికే వెళ్లండి.

ఎర్విన్

తా.క. మా ఆఫీసువాళ్ల ఓట్లు ఇంకా ఎవరికీ ఇవ్వలేదట. పన్సిత్ గురించి అడగమన్నారు.

*

నాయనా,

నా పన్సిత్ తిని నాకే ద్రోహం. కప్పానా అంటే, నేను అల్లిన లేసుగుడ్డ కప్పాను. దాని మీద బాలఏసు, ఆయన ముందు కొవ్వొత్తి. అన్నీ తీసేశాను. చల్లబడగానే నా యంత్రమూ పార్టీ ఫిరాయించింది, నీరు రాదట. తప్పు లెక్కకు జీవితమంతా సున్నాలు వేసినదాన్ని, నాకు నేనూ వేసుకున్నాను. లెక్క ఒప్పుకున్నాను కానీ భయం ఒప్పుకోవడం లేదు. గాలి లేచింది. బడికి రమ్మని మేయరు బండి మైకులో చెబుతోంది.

కాందెలారియా

తా.క. బజారు మూసేశారు. తరగతి కిటికీలోంచి చెయ్యి చాస్తే అందే చేపలు ఇవాళ లేవు.

*

లోలా,

బడి ఖాళీ చేయించండి. కిటికీలోంచి చేపలు అందడమేమిటి, చేపల బజారు సముద్రం ఒడ్డునే కదా ఉండేది? మా పటంలో మీ బడి కొండమీద, చర్చి పక్కన ఉంది. యంత్రాలన్నీ ఆ చోటికే లెక్క కట్టాయి. మేయరు ఆఫీసులో ఫోనెత్తడం లేదు. ఒక్క మాట రాయండి.

ఎర్విన్

తా.క. లోలా, ఒక్క మాట.

*

నాయనా ఎర్విన్,

కరెంటు ఇవాళే వచ్చింది. నీ ఉత్తరం ఇప్పుడే చూశాను. కొండమీదిది పాత బడి. పైకప్పు ఎగిరిపోయాక బడిని కిందికి దించారు. ఆ సంగతి మీ పటానికి ఎవరూ చెప్పినట్టు లేదు. సముద్రం నల్లబల్ల దాకా వచ్చింది. నా యంత్రం జ్వరంలో పలవరించిందే నిజమైంది.

లోపల ఎవరూ లేరు. ఊపిరి పీల్చుకో.

మేయరు బండి మలుపు తిరగగానే, కొండమీది చర్చిలో పన్సిత్ పెడుతున్నానని తెబాన్ చేత చాటించాను. ఊరంతా ఎక్కింది, గిన్నె పట్టుకుని మైకువాడు కూడా. లెక్క ఒప్పుకున్నాక మళ్లీ ఇదేమిటంటావా? మన దేశంలో ఎన్నికల్లో ఓడినవాళ్లుండరు నాయనా, మోసపోయినవాళ్లే ఉంటారు.

పని అందరికీ బాగానే పంచావు. బడి ఎక్కడుందో అడిగే ముక్క మాత్రం ఎవరికీ పంపలేదు. ఈసారి అది నాకు పంపు.

బడి కడగడానికి బయల్దేరుతూ,
కాందెలారియా

తా.క. నార్వేవాళ్ల తప్పు లేదని చెప్పు. బడి తలుపు తీస్తే నల్లబల్ల కింద పెద్ద చేప ఒకటి కనబడింది. ఇన్నేళ్లూ వాసన పంపి ఊరుకున్నవి, చివరికి భిన్నాల పాఠానికి వచ్చాయి.