ఎడమ పక్క సంచి

సౌభాగ్యవతి రమణికి,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ పాపా బాగున్నారని తలుస్తాను. క్షేమమని రాయకపోతే మీ నాన్నగారు దానికీ తప్పు పడతారని రాశాను గానీ, నేనేమీ బాగోలేను. నువ్వు ఫోన్ ఎత్తవు. అందుకే ఈ ఉత్తరం మీ తమ్ముడు వాసు చేతికిచ్చి పంపుతున్నాను.

నువ్వు వాసుతో పంపిన చీటీలో అడిగినవి చెబుతాను. అన్నం వండుకుంటున్నాను, మాడుతోంది. పాప దేవిశ్రీ బొమ్మకుక్క మంచం కింద దొరికింది. ఇక పని సంగతి. స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని పోయాక, "పనంటూ ఒకటి సూసుకో బావా, అప్పుడొత్తాను" అని పుట్టింటికి వెళ్లిపోయావు కదా. దొరికింది. నాగబాబు గారి ఏజెన్సీ టీపొడి, బిస్కెట్లు మన బండి మీద కొట్లకి వెయ్యాలి. బండికి అటొకటి, ఇటొకటి పెద్ద సంచులు బిగించుకోవాలని ఆయన షరతు.

పాతపట్నంలో సీటు కవర్లు కుట్టే కరీం బాషా దగ్గరికి వెళ్లాను. రెక్సిన్ ఎండకి పగిలిపోతుందంటే మందపు కాన్వాసు ఎంచుకున్నాను. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పడుతుందని ఇత్తడి బకిల్స్ వేయించాను. కుడి సంచి సైలెన్సర్‌కి తగిలి కాలకుండా మధ్యలో రేకు బిగించాడు. అంతవరకూ హుషారుగానే ఉన్నాను. ఎడమ పక్కకి వచ్చేసరికి బాషా కోత మిషన్ పట్టుకొచ్చాడు.

"అదేటి భాయ్?" అన్నాను.

"శారీ గార్డు కొయ్యాల్రా. సెల్లి కాలెట్టుకునే పట్టీ కూడాను. అవుంటే సంచెక్కడ ఆన్తాది?"

"మరి రమణి ఎక్కడ కూకుంటాది?"

"సీటంతా సామానే కదరా! ఆటోలో ఒత్తాదిలే. ముందు కడుపు సంగతి సూడు."

రేపు చూద్దామని, కుడి సంచి ఒక్కటే తగిలించుకుని వచ్చేశాను.

ఇంతవరకూ దాచిన మాట ఇప్పుడు రాస్తున్నాను, కోప్పడకు. ఎడమ సంచి ఇంకా కుట్టలేదని నాగబాబు గారికి అబద్ధం చెబుతూ వచ్చాను. అది బాషా కొట్లో మేకుకి వేలాడుతోంది. బరువంతా కుడి పక్కే వేసుకుని నడుపుతుంటే, నిన్న మద్దిలపాలెం మలుపులో బండి ఒరిగిపోయి పడ్డాను. మోచెయ్యి చెక్కుకుపోయింది. టీపొడి కాలవపాలైంది. సోమవారం రెండు సంచులతో రాకపోతే అసలు రావద్దన్నాడాయన.

ఏం చెయ్యను రమణీ? కోయిస్తే నీ చోటు నేనే తీసేసినట్టు ఉంటుంది. కోయించకపోతే పని పోతుంది, అప్పుడు నువ్వు ఎలాగూ రావు. నీ చెప్పు రాసుకుని ఆ పట్టీకి ఒక చోట రంగు పోయింది చూడు, పొద్దున్నే బండి తుడిచేటప్పుడు అక్కడికొచ్చేసరికి ఏడుపు ఆగడం లేదు. పిచ్చోణ్ణి అనుకున్నా సరే.

ఆదివారం మీ ఊరి దగ్గర తగరపువలస జంక్షన్‌లో ఉంటాను. కుడి సంచి కూడా విప్పేసి వస్తాను. పాపని ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుందాం. ఒక్కసారి ఆ పట్టీ మీద కాలు పెట్టి ఇంటికి రా. నువ్వు ఇంట్లో ఉంటే సోమవారం నేనే దగ్గరుండి కోయిస్తాను.

నువ్వు రాకపోతే మాత్రం నా చేత కాదు. పని పోయినా సరే, ఆ చోటు అలాగే ఉంచుతాను.

ఇట్లు,
నీ కోసం దారి చూసే నీ బావ,
గోపి