మారెక్‌కి నేర్పిన వాక్యాలు

ఫిబ్రవరి 24, సోమవారం

ఈ నోట్‌బుక్ నేను కొన్నది కాదు. గులారా బీబీ ఇంట్లో గది అద్దెకి తీసుకున్న విదేశీయుడు ఇచ్చాడు. పాఠాలు రాసుకోమన్నాడు. నేను పాఠాలు రాయను. వాడి మీద నాకొచ్చే డౌట్లు రాస్తాను.

పేరు మారెక్. చెక్ దేశం వాడు. యాభై దాటుంటాయి. మా షెకీ ఊరికి ఎందుకొచ్చావంటే కిటికీలు నేర్చుకోడానికట. మేకూ జిగురూ లేకుండా చిన్న చిన్న చెక్కముక్కలు ఒకదాంట్లో ఒకటి ఇరికించి, మధ్యలో రంగు అద్దాలు పెట్టి చేస్తారే, ఆ కిటికీలు. నేర్పే వడ్రంగి ఉస్తాకి మా అజర్‌బైజాన్ భాష తప్ప ఇంకోటి రాదు కాబట్టి ముందు భాష నేర్చుకోవాలట. ఈ వయసులో ఇంత దూరం వచ్చి కిటికీలా? ఎవరు నమ్ముతారు?

బీబీ నమ్మింది. మా నాన్న చెల్లెలు ఆవిడ, నన్ను పెంచిందీ ఆవిడే. రోజూ సాయంత్రం టాక్సీ పక్కన పెట్టి గంటసేపు అతనితో కూర్చుని మాట్లాడించరా అంది. నేను తొమ్మిదో క్లాసులో చదువు మానేసినవాణ్ణి బీబీ అన్నాను. చదువు మానేశావు గానీ నోరు మానలేదుగా అంది.

ఫిబ్రవరి 26, బుధవారం

మొదటి పాఠం. నన్ను నామిక్ ముఅల్లిం అని పిలుస్తున్నాడు. అంటే నామిక్ మాస్టారు! టాక్సీ స్టాండులో ఎవడికైనా తెలిస్తే నేను ఊరొదిలి పోవాలి.

వాడికి అన్నీ వస్తున్నాయి గానీ తోకలు రావట్లేదు. ఎక్కడికి, ఎవరికి అని చెప్పేటప్పుడు మాట చివర మేం ఒక చిన్న తోక తగిలిస్తాం. వాడది మింగేస్తాడు. నేను బజారు వెళ్ళాను అంటాడు. బీబీ రొట్టె ఇచ్చాను అంటాడు. బీబీకి రొట్టె ఇచ్చాడో, రొట్టెలాగా బీబీనే ఎవరికైనా ఇచ్చేశాడో తెలీదు. వంటింట్లోంచి బీబీ ఒకటే నవ్వు. వాడి పుస్తకంలో ఆ తోకకి పెద్ద పేరుంది, దిక్కు చూపే విభక్తి అట. నేనా పేరు స్కూల్లో విన్నట్టు లేదు. ఆ రోజు బడి ఎగ్గొట్టి ఉంటాను.

మా పాత టీచరు చేసినట్టే చేశాను. ఒక్కో వాక్యం ఇరవైసార్లు, గోడలకి వినపడేంత గట్టిగా. బుద్ధిగా అన్నాడు.

పాఠం అయ్యాక ప్రశ్నలు. ఎక్కడికి వెళ్తున్నావు? ఎవరికి ఫోన్ చేశావు? ఎవరికి ఇస్తావు? హైవే మీద పోలీసు అడిగేవీ ఇవే మూడు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

ఈ రోజు కూడా అడిగాడు, ఎవరికి ఫోన్ చేశావని.

మార్చి 2, ఆదివారం, ఉదయం 11

వాడు స్నానానికి వెళ్ళినప్పుడు వాడి నోట్‌బుక్ తెరిచాను. తప్పే. కానీ చూడకపోతే అంతకన్నా తప్పయ్యేది.

మా వీధి మొత్తం ఉంది అందులో! పేర్లు, పేరుకీ పేరుకీ మధ్య బాణాలు. బీబీ నుంచి ఎదురింటికి బాణం, మీద రొట్టె అని. మంగలి నుంచి పోలీసుకి బాణం, సిగరెట్. నామిక్ నుంచి బస్టాండుకి, టైముతో సహా. మా పక్కింటి నర్గిలే పేరు మూడుచోట్ల ఉంది. ఒక బాణం నేరుగా నా పేరు మీదకి వచ్చింది.

ఎవరు ఎవరికి ఏమిస్తున్నారు, ఎవరు ఎక్కడికి పోతున్నారు. ఇది ఎవడికి కావాలి? ఎవడు పంపితే వచ్చాడు?

మార్చి 3, సోమవారం

నోట్‌బుక్ తీసుకెళ్ళి బీబీ ముందు పెట్టాను. ఆవిడ వాణ్ణి పిలిచింది. వాడి ముఖం దానిమ్మగింజలా ఎర్రబడింది. పరిగెత్తుకెళ్ళి వ్యాకరణం పుస్తకం తెచ్చి పేజీ చూపించాడు. నాలుగో అభ్యాసం: మీ వీధిలో ఎవరు ఎవరికి ఏమి ఇస్తారో, ఎవరు ఎక్కడికి వెళ్తారో పది వాక్యాలు రాయండి.

తలమీది గుడ్డ జారిపోయేదాకా నవ్వింది బీబీ. మా ఇంట్లో కూడా ఒక పోలీసున్నాడని నాకిన్నాళ్ళూ తెలీదు అంది.

సరే. కానీ పుస్తకం అడిగింది పది. వాడు రాసింది నలభై. ఎందుకు?

మార్చి 7, శుక్రవారం

నర్గిలే గురించి రాయాలి. మందుల షాపులో పనిచేస్తుంది. నాకు ఇష్టం, తనకీ ఇష్టం. నవ్‌రూజ్ పండగ అయ్యాక బీబీ పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని వాళ్ళింటికి సంబంధం అడగడానికి వెళ్తుంది. వాళ్ళు ఒప్పుకుంటే తీపి టీ ఇస్తారు. లేకపోతే చక్కెర లేని టీ తాగి, మర్యాదగా లేచి వచ్చేయాలి. చక్కెర నేనే వేస్తాను, భయపడకు అని నర్గిలే మొన్న మెసేజ్ పెట్టింది.

ఈ రోజు ఒకటే మాట అడిగింది. నీ చూపు బాకూ మీద ఉందంటున్నారు, వెళ్తున్నావా అని. నేనెక్కడికి పోతాను అన్నాను.

బస్సు టికెట్ నా జిగులీ కారులో ఉంది. ఎండకి అడ్డం దించుకునే రేకు వెనక దాచాను. మార్చి 31 తేదీ. రాజధాని బాకూలో ఒక కంపెనీలో డ్రైవర్ పని, ఒకటో తారీఖు నుంచి. ఈ ఊళ్ళో ఇంకో ఏడాది బస్టాండుకీ బజారుకీ తిరిగితే పిచ్చెక్కుతుంది నాకు. ముందే చెప్తే వాళ్ళ నాన్న పిల్లనిస్తాడా? టీ తాగాక చెప్తాను.

మార్చి 8, శనివారం

మహిళా దినం. ఊరంతా పసుపుపచ్చ మిమోసా పూలు. నేనూ ఒక కొమ్మ పట్టుకుని మందుల షాపుకి వెళ్ళాను. టేబుల్ మీద అప్పటికే ఒక కొమ్మ ఉంది! ఎవరిచ్చారంటే మారెక్ అంది. షాపులో ముగ్గురు ఆడవాళ్ళకీ తలో కొమ్మ ఇచ్చాడట. నర్గిలేకి పూలు అని తోకతో సహా సరిగ్గా అన్నాడు, పాఠం బాగా చెప్తున్నావు మాస్టారూ అని నవ్వింది.

ఈ వారంలో మూడోసారట వాడు దగ్గుమందు కొనడం. దగ్గు నిజంగానే ఉంది. అయినా మూడుసార్లా?

మార్చి 11, మంగళవారం

పాఠం మధ్యలో మారెక్ ఉన్నట్టుండి నామిక్ మీద నాకు నమ్మకం ఉంది అని చెప్పబోయాడు. మళ్ళీ తోక మింగేశాడు. మా భాషలో చూడ్డానికీ, మొదలుపెట్టడానికీ, నమ్మడానికీ కూడా అదే తోక కావాలి. నమ్మకం కూడా ఇంట్లోంచి బయల్దేరి ఎదుటివాడి దగ్గరికి నడిచి వెళ్ళాలన్నమాట.

మిమోసా ఇంకా కళ్ళలో మెదుల్తోంది. ఇంకో డౌటు కూడా ఉంది. ఆదివారం వాణ్ణి నా కారులో ఉస్తా ఇంటికి తీసుకెళ్ళాను. ముందు సీట్లో కూర్చున్నాడు. ఎండగా ఉందని ఆ రేకు దించాడా? టికెట్ చూశాడా?

పరీక్షించాలనిపించింది. ఒక కార్డు మీద నేనే మూడు వాక్యాలు రాసిచ్చాను.

నామిక్ బాకూకి వెళ్తున్నాడు.
నామిక్ ఎవరికీ చెప్పలేదు.
నామిక్‌ని నమ్మకు.

ముఖం వంకే చూస్తూ కూర్చున్నాను. ఏమీ మారలేదు. నెమ్మదిగా చదివాడు, తోకలన్నీ సరిగ్గా పెట్టాడు, పరీక్ష ఎప్పుడన్నాడు. వచ్చే మంగళవారం అన్నాను. అప్పటిదాకా మనసులోనే అనుకో, ఆ రోజు ఇరవైసార్లు చొప్పున, గట్టిగా.

చూడలేదన్నమాట. లేకపోతే బాగా నటిస్తున్నాడు.

మార్చి 18, మంగళవారం

పండగ ముందు ఆఖరి మంగళవారం. చీకటి పడుతుండగానే వీధి మధ్యలో మంట వేశాం. ఆచారం ప్రకారం దాని మీంచి మూడుసార్లు దూకాను. మారెక్‌కి జ్వరం. బీబీ వాడికి టీ పెట్టిచ్చి, తలుపు దగ్గరికి వేసి, మంట దగ్గరికి వచ్చేసింది.

నర్గిలే కాసేపు కనపడలేదు. ఈ సాయంత్రం ఆడపిల్లలకి ఒక పని ఉంటుందిగా. మనసులో ఒకటి అనుకుని, కాలికింద తాళంచెవి పెట్టుకుని, ఎవరింటి తలుపు వెనకో చప్పుడు చెయ్యకుండా నిలబడతారు. లోపల్నుంచి మొదట ఏ మాట వినపడితే అదే జవాబు. అందుకే ఈ రోజు ఏ ఇంట్లోనూ చెడ్డమాట అనరు. మొగుడూ పెళ్ళాలు కూడా పోట్లాట రేపటికి వాయిదా వేసుకుంటారు.

తిరిగొచ్చింది. నా వైపు చూడలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగ అనుకున్నాను.

మార్చి 19, బుధవారం, మధ్యాహ్నం 2

మీ బీబీని మా ఇంటికి రావద్దని చెప్పు. నర్గిలే నుంచి ఇంతే మెసేజ్. పదిసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మందుల షాపుకి వెళ్ళాను. లైన్లో నిలబడు అంది. నా ముందు ఇద్దరు ముసలాళ్ళకి మాత్రలు ఎలా వేసుకోవాలో రెండేసిసార్లు చెప్పింది. తర్వాత నన్ను చూడకుండానే, గొంతు తగ్గించి చెప్పింది.

మీ బీబీ తలుపు దగ్గరే నిలబడ్డానంది. నామిక్‌కి అవునని చెప్పనా వద్దా అనుకున్నానంది. లోపల్నుంచి వచ్చింది: నామిక్ బాకూకి వెళ్తున్నాడు, ఎవరికీ చెప్పలేదు, నామిక్‌ని నమ్మకు. ఒకసారి కాదు, ఇరవైసార్లు విన్నానంది.

వాడు విదేశీయుడు, పాఠం వల్లె వేసుకుంటున్నాడు అన్నాను. అది నాకూ తెలుసు, అబద్ధం ఆడేంత భాష వాడికింకా రాలేదు, ఆ మాటలు వాడికెవరిచ్చారు అంది. బాకూకి వెళ్తున్నావా, లేదా అంది. విషయం అది కాదు అన్నాను. నాకు విషయం అదొక్కటే అని, నా వెనకాయనకి ఏం కావాలో అడిగింది.

సాయంత్రం 6

వాక్యాలు నావే. ఒప్పుకుంటాను. కానీ ఆ సాయంత్రమే ఎందుకు? తలుపు వెనక ఆమె నీడ చూసే గొంతు పెంచాడు. పూలిచ్చినవాడు ఊరికే ఇస్తాడా! రేపు వాడి సంగతి తేలుస్తాను.

మార్చి 20, గురువారం, ఉదయం

తేల్చాను.

మంచంలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. కావాలనే చేశావు కదా అని అరిచాను. వాడికి నా స్పీడు అందలేదు. మళ్ళీ, నెమ్మదిగా, తోకలన్నీ పెట్టి అరవాల్సి వచ్చింది.

అప్పుడు చెప్పాడు, వెతుక్కుంటూ. పరీక్ష మంగళవారం అన్నారు ముఅల్లిం. నేను మీకు ఎదురుచూశాను. మీరు వస్తే మీకు వినపడాలని తలుపు కొంచెం తెరిచాను. మీరు రాలేదు. ఇరవైసార్లు అన్నాను. మీరు రాలేదు.

నేను మంట దూకుతున్నాను ఆ టైముకి. పరీక్ష సంగతే గుర్తులేదు.

బీబీ గుమ్మంలో నిలబడి అంతా వింది. ఆ సాయంత్రం ఇంట్లో మంచిమాటే అనాలని ఆయనకి మనం కాకపోతే ఎవరు చెప్తారు, నాదే బుద్ధిలేనితనం అని నుదురు కొట్టుకుంది. నువ్వెళ్ళి చెప్పు బీబీ, అది ఉత్త పాఠమని చెప్పు అన్నాను. చెప్తా, ముందు ఒకటి చెప్పు, బాకూ సంగతి అబద్ధమా అంది. కారులోంచి టికెట్ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. తేదీ రెండుసార్లు చదివింది. తర్వాత, నన్ను ఏ ముఖంతో వాళ్ళ గడప తొక్కిద్దామనుకున్నావురా అంది.

నెల్రోజులుగా వీధిలో ప్రతివాడి మీదా డౌటు పడ్డాను. దాచిపెట్టింది నేనొక్కణ్ణే.

రాత్రి 8

నవ్‌రూజ్. పిల్లలు గుమ్మాల ముందు టోపీలు విసిరి దాక్కుంటున్నారు. ఇంటివాళ్ళు వాటిలో మిఠాయిలు నింపి బయట పెడతారు. నాకు ఇరవై మూడేళ్ళు. అయినా నా టోపీ తీశాను. అందులో టికెట్ పెట్టాను, ఒక కార్డు పెట్టాను.

నామిక్ ఈ టికెట్ నర్గిలేకి ఇస్తున్నాడు. పని ఒకటో తారీఖు నుంచి. ఈ మాట నర్గిలేకి ముందే చెప్పాల్సింది.

తప్పుల్లేవు కదా అని మారెక్‌కి చూపించాను. లేవన్నాడు.

టోపీ విసిరి జిగులీ వెనక నక్కాను. తలుపు తెరుచుకుంది, టోపీ లోపలికి వెళ్ళింది. పక్కనే దాక్కున్న పిల్లల టోపీలు ఐదు నిమిషాల్లో నిండి వచ్చాయి. నాది రాలేదు. టోపీ లేకుండానే ఇంటికొచ్చాను.

మార్చి 21, శుక్రవారం

రాలేదు. ఆమే చించేసిందా? వాళ్ళమ్మ దాచిందా? వాళ్ళ నాన్నకి టోపీ సరిపోయిందేమో అన్నాడు మారెక్. జోకు వేసేంత భాష వచ్చేసింది.

మార్చి 22, శనివారం, ఉదయం 7

కారు బానెట్ మీద టోపీ. రంగు వేసిన గుడ్డు, వాల్‌నట్లు, రెండు బక్లావా ముక్కలు. అడుగున టికెట్, ఎక్కడా చిరగలేదు. నా కార్డు కూడా ఉంది. వెనక వైపు నర్గిలే రాత:

బాకూలో మందుల షాపులు ఉన్నాయా?

వెక్కిరింతా, నిజంగా అడుగుతోందా? పదిసార్లు చదివాను. మారెక్‌కి చూపించాను. ఆయన డిక్షనరీ తీశాడు, ప్రతి మాటా చూశాడు, ఇది ప్రశ్న ముఅల్లిం, ప్రశ్నకి జవాబివ్వాలి అన్నాడు.

బాకూలో పని ఇప్పిస్తున్నాయనకి ఫోన్ చేశాను. పొద్దున్నే ఇదడగడానికి లేపావా, మెట్రో స్టేషన్‌కి రెండు చొప్పున ఉంటాయి అన్నాడు. అదే ఆమెకి మెసేజ్ పెట్టాను. చూసింది. జవాబు లేదు.

మార్చి 24, సోమవారం

టికెట్ ఏప్రిల్ 7కి మార్పించాను. కౌంటర్లో ఆవిడ, వెళ్ళేవాడివైతే వెళ్ళు, లేకపోతే లేదు, నా బుర్ర తినకు అంది. కంపెనీ వారం ఆగుతుందట, అంతకన్నా ఆగదట. బీబీ రేపు వాళ్ళింటికి కబురు పంపుతానంది. నువ్వు పక్కనే ఉండు, నా నోటితో అంతా ముందే చెప్పేస్తాను, బాకూతో సహా అంది.

ఏప్రిల్ 6, ఆదివారం

బీబీ కబురుకి వాళ్ళు రమ్మన్నారు. పెద్దవాళ్ళు నర్గిలే వాళ్ళింటి లోపల. మారెక్‌ని కూడా పెద్దవాడి లెక్కలో తీసుకెళ్ళారు. నన్ను కారులో ఉండమన్నారు.

నలభై నిమిషాలకి మారెక్ టీ గ్లాసుతో బయటికొచ్చాడు. ముఖం చూస్తే ఏమీ తెలీలేదు. కిటికీలోంచి గ్లాసు చేతికిచ్చి, నామిక్‌కి, అన్నాడు.

ఒక గుక్క తాగాను. నమ్మకం కుదరక అడుగుదాకా తాగాను.

తీపి.