సుజాత రాసిన మాన్యువల్

గ్రేటర్ నోయిడా, 2006, ఆదివారం

కార్ల రిపేరు మాన్యువల్ సీడీలో వచ్చేసిందట. ఇకమీద అందరూ కంప్యూటర్లోనే చూసుకోవాలి, పుస్తకాలు రేపు పాత కాగితాలవాడికి వేసేస్తానన్నాడు గ్యారేజీ ఓనరు. నా దగ్గరున్న పుస్తకం ఇంటికి పట్టుకొచ్చాను. ఢిల్లీ వచ్చిన కొత్తలో నాకు ఇంగ్లీషు అందేది కాదు. ప్రతి బొమ్మ పక్కనా మా ఆవిడ సుజాతే పెన్సిలుతో తెలుగులో రాసిపెట్టింది.

"సీడీయే నయమండీ, చిరగదు, జిడ్డవదు," అంటూనే పేజీలు తిప్పింది. చక్రం విప్పే పేజీ దగ్గర ఆగింది.

"జాకీ ఎత్తాక నట్లు వదులు చేయాలని రాశానేంటి? ఇంగ్లీషులో ఎత్తకముందే అనుంది!"

"నువ్వు రాసినట్టే చేశాను. చక్రం గిర్రున తిరిగింది. గ్యారేజీ అంతా నవ్వారు."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"చెబితే మిగతా పేజీలు రాసేదానివా?"

నన్ను నాలుగు తిట్టి, పెన్సిలు తెచ్చి దిద్దింది. రేపు ఓనరుని అడగాలి, ఈ ఒక్కటీ నాకు వదిలేయమని. ఏమంటాడో.

"ఇంకా తప్పులున్నాయా?" అంది. రెండున్నాయన్నాను. ఏ పేజీలోనో చెప్పలేదు. ఇంకా వెతుకుతూనే ఉంది.