కొట్టం మీది గది

ప్రియమైన అమ్మకు,

నీ చిన్నది నమస్కరించి రాస్తున్న కబుర్లు. ఇక్కడ నేను, అన్నయ్య, వదిన, వదిన కడుపులో కాళ్లాడిస్తున్న ఆ బుల్లి మనిషి, అందరం కులాసా. నువ్వూ, నీతో పాటు లాండ్రీలో పనిచేసే పెద్దక్కలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోనులో చెప్పెయ్యొచ్చు కదా, ఈ రాతకోతలెందుకు అని వదిన నవ్వుతోంది. ఫోనులో మాట గాలికి పోతుంది, కాగితమైతే పని మధ్యలో మళ్లీ మళ్లీ చదువుకుంటాను అని అన్నది నువ్వే. అందుకే ఈసారి తీరిగ్గా రాస్తున్నాను. మంచి కబురే, ఒట్టు. కానీ వరసలో చెబుతాను, చివరి పేజీకి ముందే దూకెయ్యకు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. పొద్దున్నే ఏమైనా తింటున్నానా అంటే, తింటున్నాను, అదీ కూర్చుని. అన్నయ్య ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాడా అంటే, లేడు. వదినకి కాళ్లవాపు తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. గది దొరికిందా, తలుపుకి గడియ గట్టిదేనా అని అడిగావు. దొరికింది. గడియ ఎద్దు కుమ్మినా ఊడదు. ఈ ఉత్తరమంతా ఆ గది కథే.

మూడో ఏడు మొదలైనప్పటి నుంచీ నా అవస్థ నీకు కొంత తెలుసు. పశువుల ఆసుపత్రిలో మా ప్రాక్టికల్స్ తెల్లవారగానే మొదలవుతాయి. అన్నయ్య ఇల్లేమో ఊరి చివర. బస్సు, ఆ తర్వాత రైలు, ఆ తర్వాత పరుగు. మొదటి బస్సు ఎక్కినా నేను వెళ్లేసరికి పాలు పితకడం అయిపోయేది, పశువులను చూడడం అయిపోయేది, హాజరు వెయ్యడమూ అయిపోయేది. పొద్దుటి హాజరు తక్కువైన వాళ్లను ఈ ఏడు పరీక్షకు కూర్చోనివ్వరు. సాయంత్రం ఇల్లు చేరి కంచం ముందు కూర్చుంటే ముద్ద నోటి దాకా వెళ్లేలోపే నిద్ర వచ్చేసేది.

ఒకరోజు వదిన నా చేతిలోంచి కంచం తీసుకుని అన్నయ్య వైపు తిరిగింది.

"దీనికి కాలేజీ దగ్గర గది చూద్దాం."

"ఇల్లుండగా అద్దె కట్టేవాళ్లని ఏమంటారో తెలుసా?" అన్నాడు అన్నయ్య. "నేను ఇక్కడుండి చెల్లెల్ని పరాయి గదిలో పెడితే అమ్మకి ఏ మొహం చూపించను?"

"నీ మొహం సంగతి తర్వాత. ముందు దాని మొహం చూడు. కళ్లకింద ఆ నలుపేంటో చూడు."

అన్నయ్య చూశాడు. చూసి, లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆ మూతి ముడుచుకోవడం అప్పుడు మొదలైందే.

మరుసటి ఆదివారం వదినా నేనూ గదుల వేటకు బయలుదేరాం. మొదటిది మెట్ల కింద గది. నిలబడితే తల తగులుతోంది. "చదువుకునే పిల్ల కూర్చునే ఉంటుంది కదమ్మా" అన్నాడు ఇంటాయన. ఇంకోచోట గది బాగుంది, కిటికీ కూడా ఉంది, అద్దె చెప్పగానే వదిన గోడ పట్టుకుంది. నీ జీతంలో సగం, అమ్మా. మూడోచోట ఇంటావిడ నేను చదివేది పశువైద్యమని వినగానే ముక్కు మీద కొంగు పెట్టుకుంది. "రోజూ ఆ వాసనంతా మా ఇంటికి మోసుకొస్తావు."

"మరి ఇప్పుడున్న వాసన ఎవరు మోసుకొచ్చారండీ?" అంది వదిన. ఆ వీధిలో ఇక గది అడిగే అవకాశం పోయింది.

రైల్లో తిరిగొస్తూ ఇద్దరం లెక్కలు వేసుకున్నాం. రైలు పాసు చవక, అద్దె పిడుగు. కానీ పాసుకి నేను డబ్బుతో పాటు నిద్ర కడుతున్నాను, హాజరు కడుతున్నాను. పాఠం వింటూ తూగుతున్నాను కాబట్టి చదువూ అందులోనే పోతోంది. ఇవన్నీ కలిపితే ఏది చవకో ఇద్దరికీ తేలలేదు. "ఎటు చూసినా మనమే నష్టపోయేటట్టున్నామే" అని వదిన నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నన్ను నిద్రపుచ్చడానికి వచ్చిన మనిషి!

తర్వాతి వారం ఒక పొద్దున మళ్లీ ఆలస్యమై, లోపలికి వెళ్లే మొహం లేక, కొట్టం పక్కన బయటి మెట్ల మీద కూలబడ్డాను. ఆ మెట్లు ఎక్కడికి వెళతాయా అని అప్పుడే మొదటిసారి చూశాను. పైన తాళం వేసిన గది. సందులోంచి చూస్తే విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన పాల క్యాన్లు. వాటి వెనక రెండు పెద్ద కిటికీలు.

మాకు ప్రసూతి పాఠాలు చెప్పే మేడమ్ దగ్గరికి నేరుగా వెళ్లాను. "ఆ గదిలో నేనుంటానండీ" అన్నాను.

ఆవిడ చేతులు కడుక్కుంటున్నదల్లా ఆగిపోయింది. "కింద ఆవులు. దోమలు, వాసన, అరుపులు. ఆ గదిలో ఉంటానని ఇన్నేళ్లలో అడిగినదానివి నువ్వే. పద, ప్రిన్సిపాల్ గారిని అడుగుదాం."

ప్రిన్సిపాల్ గారు వినగానే చెయ్యి అడ్డంగా ఊపారు. "ఆడపిల్ల ఒక్కతే కొట్టం మీదా? రేపేదైనా జరిగితే జవాబు ఎవరు చెబుతారు?"

"ఒక్కదాన్ని కాకపోతేనండీ?" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

మర్నాడు ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఒకరు మా క్లాసులో పొడుగమ్మాయి, నాకంటే దూరం నుంచి వస్తుంది. ఇంకొకరు మేం కళ్లజోడు అని పిలిచే అమ్మాయి, అద్దె కట్టలేక నలుగురితో ఒక గదిలో ముడుచుకుని పడుకుంటోంది. "ముగ్గురం సార్. అద్దె ఇవ్వలేం. దాని బదులు రోజూ పొద్దున్నే అందరికంటే ముందు పశువులన్నిటినీ చూస్తాం. డాక్టర్లు వచ్చేలోపు ఏ పశువుకి బాగాలేకపోయినా దగ్గర మేముంటాం."

చివరికి ఆయన, "పరీక్షల దాకా చూద్దాం. ఒక్క ఫిర్యాదు వచ్చిందా, తాళం పడిపోతుంది" అన్నారు.

ఆ క్యాన్లు మోశాం, గోడలకు సున్నం కొట్టాం, కిటికీలకు దోమతెరలు బిగించాం. అన్నయ్య చెప్పాపెట్టకుండా వచ్చాడు. గదంతా తిరిగాడు, కిటికీలోంచి కిందికి చూశాడు, వెళ్లిపోయాడు. అయిపోయింది అనుకున్నాను. గంటలో పనిముట్ల సంచీతో తిరిగొచ్చాడు. లిఫ్టులు బాగుచేసే చెయ్యి కదా, తలుపుకి గడియ బిగించి తనే రెండుసార్లు భుజంతో గుద్ది చూశాడు. "గాలి బాగానే వస్తోంది" అన్నాడు ముక్కు మూసుకుని. తర్వాత ఈ మాట చెబితే వదిన నవ్వలేక చచ్చింది.

ఇక అసలు కబురు.

పోయిన వారం ఇక్కడ కుండపోత వాన. రైళ్లు ఆగిపోయాయి, రోడ్లు మునిగాయి. తెల్లవారి కిందికి దిగేసరికి కొట్టంలో ఎర్రావు పడుతూ లేస్తూ ఉంది. పాలమ్ముకుని బతికే ఒకావిడ ఈనడం కష్టమయ్యేటట్టుందని దాన్ని ముందురోజే తెచ్చి చేర్చింది. ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"డాక్టర్లు లేరామ్మా?"

"దారిలో చిక్కుకున్నారండీ."

"మరి మీరెవరు?"

పొడుగమ్మాయి మేడమ్‌కి ఫోను కలిపి నా చెవి దగ్గర పట్టుకుంది. ఆవిడ ఆగిన రైల్లో ఉంది.

"చెయ్యి పెట్టి చూడు. ఏం తగులుతోంది?"

"తోక మేడమ్. కాళ్లు లేవు."

"దూడ వెనకాముందూ తిరిగి ఉంది. వెనక కాళ్లు ముందుకు మడిచి ఉంటాయి. అలాగే లాగితే తల్లీ పోతుంది, దూడా పోతుంది. ముందు దూడను లోపలికి నెట్టు. తర్వాత ఒక్కో కాలూ మడిచి వెనక్కి తీసుకురా. గిట్ట నీ గుప్పిట్లోనే ఉండాలి, గర్భసంచికి గీసుకోకూడదు. కాళ్లు రెండూ బయటికి వచ్చాక ఇక ఆగకు, దూడకు ఊపిరాడదు." ఇంకేదో చెప్పబోతుండగా ఫోను ఆగిపోయింది. మళ్లీ కలవలేదు.

అమ్మా, భుజం దాకా చెయ్యి లోపల పెట్టి కళ్లు మూసుకున్నాను. ఆవుకు నొప్పి వచ్చినప్పుడల్లా నా చెయ్యి నలిగిపోయేది. అది ఆగినప్పుడు నేను నెట్టేదాన్ని. మొదటి గిట్ట రెండుసార్లు గుప్పిట్లోంచి జారిపోయింది. కళ్లజోడు నా నుదుటి చెమట తుడుస్తూ "వస్తుంది, వస్తుంది" అంటోంది, ఆవుతోనో నాతోనో తెలియదు. వచ్చింది! రెండో కాలు తొందరగానే దొరికింది. ముగ్గురం, పాలావిడ కూడా, ఆవు నొప్పితో పాటే లాగాం. దూడ జారి గడ్డి మీద పడింది.

కదల్లేదు.

నోట్లో జిగురంతా తీసేశాను. పొడుగమ్మాయి గోనెపట్టాతో ఒళ్లంతా రుద్దింది. కళ్లజోడు గడ్డిపోచ ముక్కులో పెట్టి తిప్పింది. ఏమీ లేదు. మళ్లీ తిప్పింది. దూడ ఒక్క తుమ్ము తుమ్మింది చూడూ, ఆ తుమ్ము నా మొహం మీదే పడింది. నేను తుడుచుకోలేదు. పాలావిడ నన్ను పట్టుకుని ఏడుస్తుంటే నేను ఆవిణ్ణి పట్టుకుని నవ్వుతున్నాను.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు నిలువునా తడిసి, బూట్లు చేత్తో పట్టుకుని వచ్చేసరికి దూడ నిలబడి పాలు తాగుతోంది. ఆయన దాని దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "పొద్దున ఇక్కడ మీరు లేకపోతే..." అని, వంగి దూడ వీపు నిమిరారు. సోమవారం అందరినీ హాల్లో కూర్చోబెట్టి చెప్పారు: ఆ గది ఇక దూరం నుంచి వచ్చే విద్యార్థులదే. కొట్టం వెనక ఖాళీగా పడున్న మూడు గదులూ బాగు చేయిస్తారు. పొద్దుటి పని చేసేవాళ్లకు అద్దె ఉండదు. హాలంతా బల్లలు ఒకటే చరిచారమ్మా! ఎన్నేళ్లుగా ఎంతమంది నాలాగే రైళ్లలో తూగుతూ వస్తున్నారో ఆ చప్పుడు వింటే తెలిసింది.

ఇప్పుడు ఇంతదాకా దాచినది చెబుతాను. కోప్పడకు.

వానలకి ముందు సెలవులని నీ దగ్గరికి వచ్చాను కదా. సెలవులు కావు. చదువు మానేస్తానని చెప్పడానికి వచ్చాను. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో దారంతా కూడబలుక్కుంటూ వచ్చాను. నువ్వు ఇస్త్రీ గదిలో ఉన్నావు. ఆవిరిలో మొహమంతా ఎర్రబడింది. నన్ను చూడగానే చేతిలో పని వదిలేసి "ఇదిగో, మా డాక్టరమ్మ" అని అందరికీ చూపించావు. ఒకావిడ "పశువుల డాక్టరేగా" అని నవ్వితే, "మనుషులైతే ఎక్కడ నొప్పో చెబుతారు. చెప్పలేని వాళ్లకి వైద్యం చెయ్యడం ఎంత కష్టమో నీకేం తెలుసు" అని దులిపేశావు. నేను చెప్పాలనుకున్నది చెప్పకుండానే తిరిగి బయలుదేరాను.

తిరుగు ప్రయాణంలో నీ మీద కోపం కూడా వచ్చింది, ఎందుకు నన్ను అంతలా నమ్ముతుందీవిడ అని. ఏడుపు అయిపోయాక నెమ్మదిగా ఒక సంగతి తెలిసింది. నాకు విసుగు పుట్టింది చదువు మీద కాదు, ప్రయాణం మీద. రెండూ ఒకే మూటలో కట్టి మోస్తూ ఏది బరువో పోల్చుకోలేకపోయాను. ఆ తర్వాతే ఆ మెట్ల మీద తల ఎత్తి పైకి చూశాను.

నా హాజరు సరిపోయింది. మేడమ్ స్వయంగా చూసి చెప్పింది. పరీక్షలు వచ్చే నెల. నా అద్దె కోసమని నువ్వు పక్కన పెడుతున్నది ఇక పెట్టకు, దానితో నీకు మెత్తటి చెప్పులు కొనుక్కో. రోజంతా నిలబడే కాళ్లు కదా. మిగిలితే టికెట్టు కొనుక్కుని వచ్చెయ్. స్టేషన్ బయట ఎవరినైనా కొట్టం మీది గది ఎక్కడని అడుగు. చెప్పడమే కాదు, దూడ పుట్టిన కథ కూడా నీకు వినిపిస్తారు. కొంచెం ఎక్కువ చేసి చెబుతారు, నమ్మెయ్.

ఇట్లు,
నీ చిన్నకూతురు,
డాక్టరమ్మ