ఎడమ చెంప

ఫిబ్రవరి 4, ఉదయం

పళ్లు తోముకుని పుక్కిలించాను. నీళ్లు ఎడమ పక్క నుంచి కారి మెడ మీద పడ్డాయి. మళ్లీ పోసుకున్నాను. మళ్లీ కారాయి. అద్దంలో చూడక్కర్లేదు. మూతి వంకర మళ్లీ వచ్చేసింది.

రెండ్రోజులుగా చెవి వెనక నొప్పి. ఏసీ గాలి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఏడేళ్ల కిందట కూడా ఏదో గాలి అనే అనుకున్నాను.

ఈల వేసి చూశాను. రాలేదు. నాకు ఈల ఎప్పుడూ రాదు. అయినా ఏడుపొచ్చింది.

సాయంత్రం

డాక్టరు కనుబొమలు ఎత్తమన్నాడు. ఒకటే లేచింది. నవ్వమన్నాడు. ఏం చూసి నవ్వాలి? స్టెరాయిడ్ మాత్రలు రాశాడు. పగలు కంట్లో చుక్కలు, పడుకునేటప్పుడు రెప్పకి టేపు. రెండోసారి కదా, స్కాన్ తీయిద్దాం అన్నాడు. మొదటిసారి పూర్తిగా పోయింది, ఈసారీ పోతుందా అని అడిగాను. చాలామందికి పోతుందట. నేను అడిగింది చాలామంది గురించి కాదు.

మా ఆయనకి ఫోన్ చేశాను. మరి అమ్మ సంగతి, అన్నారు.

అదే అసలు సంగతి. అత్తయ్యకి మూడేళ్లుగా చెవులు బొత్తిగా పనిచెయ్యవు. మిషన్ పెడితే గోలే తప్ప మాట తెలియదంటూ తీసి డ్రాయర్లో పడేసింది. చదువు రాదు, కాబట్టి రాసి చూపించడానికీ లేదు. ఆవిడకి మాట అందేది నా మూతి చూసే. వేరే ఎవరి మూతీ పనికిరాదు. ఆయన మాటలన్నీ మీసం కింద మింగేస్తారు. నేను పెళ్లయిన దగ్గర్నుంచీ అత్తయ్యతో నోరంతా తెరిచి పోట్లాడాను. ఆ పోట్లాటలే ఆవిడకి చదువయ్యాయి. సీరియల్లో ఎవరు ఎవరిని ఏమన్నారో, పక్కింటావిడ ఏం కూసిందో, అన్నీ నా పెదాల మీద చదువుకుంటుంది.

ఇప్పుడు ఆ పుస్తకం చిరిగింది.

ఫిబ్రవరి 5

కళ్లజోళ్ల షాపులో పనిచేసేవాళ్లకి ఈ జబ్బు రాకూడదు. నాలుగు గోడలూ అద్దాలే. పైగా కస్టమరు ఫ్రేమ్ పెట్టుకుని బావుందా అని నా మొహంలోకి చూస్తాడు. ఇవాళ ఒకావిడ అలాగే చూసి, ఫ్రేమ్ తీసి కౌంటర్ మీద పెట్టి, మళ్లీ వస్తానంది. బావుందనే చెప్పాను. సగం మొహం ఒప్పుకోలేదు.

ఓనరు మంచివాడే. నన్ను వెనక గదిలో ఫిట్టింగ్ పనికి కూర్చోమన్నాడు. రెస్టుగా ఉంటుందట. ఎవరికి?

స్క్రూలు బిగించాను. కాడలు వంచాను. ఏ మనిషికీ రెండు చెవులూ ఒక ఎత్తులో ఉండవు. ఒక పక్క కాడ కాస్త వంచితేనే జోడు తిన్నగా కూర్చుంటుంది. ఈ ముక్క చెప్పి కస్టమర్లని నవ్విస్తూ ఉంటాను. ఇవాళ ఎవరికీ చెప్పలేదు.

ఇంటికి మాస్క్ పెట్టుకుని వెళ్లాను. అత్తయ్యకి జలుబని సైగ చేశాను. నమ్మింది.

ఫిబ్రవరి 7

మాత్రలు లోపల మంట పెడుతున్నాయి. తిన్న గంటకే ఆకలి. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఏ గదిలోకి వెళ్లాలో తెలియదు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. అల్మారా అంతా కింద పడేసి సర్దాను. సర్దింది నచ్చక మళ్లీ పడేశాను. ఆయన ఏదో అనబోయి నా కన్ను చూసి ఊరుకున్నారు.

అన్నం వంటగదిలో ఒక్కదాన్నే తింటున్నాను. ఎడమ దవడలోకి పోయిన ముద్దని వేలు పెట్టి తీసుకోవాలి. అది ఎవరూ చూడకూడదు. ముఖ్యంగా ఆవిడ.

ఫిబ్రవరి 9, ఆదివారం

ప్రతి ఆదివారం చిన్నత్తయ్య, అంటే అత్తయ్య చెల్లెలు, ఫోన్ చేస్తుంది. స్పీకర్లో పెడతాం. ఆవిడ ఏమంటే అది నేను గొంతు లేకుండా పెదాలతో అంటాను. ఆవిడ అక్కా అంటే నేనూ అక్కా అంటాను. అత్తయ్య నా మూతి చూస్తూ చెల్లెలికి జవాబు చెబుతుంది. మూడేళ్లుగా ఇదే పద్ధతి.

ఇవాళ తలనొప్పని ఆ పని ఆయనకి అప్పజెప్పాను. చిన్నత్తయ్యకి ఇరవయ్యో తారీకున గుండె ఆపరేషనట. ఆయన పెదాలు కదిపి కదిపి, అత్తయ్యకి తెలియక, గుండె మీద చెయ్యి వేసి అడ్డంగా కోసినట్టు చూపించారు. చచ్చిపోయిందా అని అత్తయ్య పెద్దగా అరిచింది. అవతల ఫోన్లో చిన్నత్తయ్య, లేదే అక్కా ఇక్కడే ఉన్నానే అంటోంది. అది ఎవరికి వినపడాలి?

కాదని తలలూపి చేతులూపి చివరికి నమ్మించాం. నేను వంటగది గుమ్మంలోనే నిలబడ్డాను. మాస్క్ తీయలేదు.

ఫిబ్రవరి 10

అత్తయ్య రహస్యం చెబితే మూడో ఇంటికి వినపడుతుంది. కొడుకుని పక్కకి పిలిచి రహస్యంగా అడిగింది. దానికి నా మీద కోపమొచ్చిందా, వారం నుంచి ముఖం చాటేస్తోంది, చెవిటిదాంతో వేగలేక విసిగిపోయిందేమో, నేనేం తప్పు చేశానో కనుక్కో అని.

స్నానాల గదిలో కూర్చున్నాను చాలాసేపు.

ఫిబ్రవరి 11

ఆవిడ ముందు కూర్చుని మాస్క్ తీశాను.

చూసింది. మొహం అటూ ఇటూ తిప్పమంది. అప్పట్లో వచ్చిందే కదా, నాతో చెప్పడానికి నీకేం రోగం, అంది. ఇదే రోగం అన్నాను. ఆవిడకి తెలియలేదు. మళ్లీ అన్నాను. తెలియలేదు. మాత్రల సంగతి, కోపం లేదన్న సంగతి, ఒక్కొక్క మాటా సాగదీసి చెప్పాను. మూతి కుడివైపుకి లాక్కుపోతోంది. ప అన్నా మ అన్నా పెదాలు కలవడం లేదు. కళ్లు చికిలించుకుని చాలాసేపు ప్రయత్నించింది.

నీ మూతి ఒక పక్క ఏదో అంటోంది, ఇంకో పక్క కాదంటోంది, నేను ఏది వినాలి, అంది.

తర్వాత వెళ్లి కిటికీ దగ్గర కూర్చుంది. టీవీ పెట్టలేదు.

ఫిబ్రవరి 13

ఆయన మీసం తీసేశారు! పెళ్లిచూపుల నాటి మీసం. అమ్మ కోసం. పై పెదవి అంత పల్చగా ఉంటుందని నాకే తెలియదు. అత్తయ్య చూసి కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను, ఉన్న సగంతో. తర్వాత ఆయన పళ్లు బిగించి ఏదో గొణిగారు. మీసం తీసినా మాట బయటికి రాలేదు. తప్పు మీసానిది కాదు.

ఫిబ్రవరి 14

స్కాన్. మొహం కదలకూడదన్నారు. సగం పని ముందే చేసుకొచ్చాను అనబోయి ఊరుకున్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఫోన్ మోగింది. చూపించాను. అత్తయ్య మొహం తిప్పేసుకుంది. నాకెందుకా ఫోను, దాని గొంతు వినపడదు, నీ మూతి తెలియదు, పెట్టెయ్ అంది. అక్క ఏదని చిన్నత్తయ్య అడిగింది. పడుకుందని అబద్ధం చెప్పాను. నా ముద్దమాటలు అర్థమయ్యాయో లేదో. బుధవారం సాయంత్రం ఆస్పత్రిలో చేరాక చేస్తానంది. బల్ల ఎక్కే ముందు అక్కతో ఒక్క మాట మాట్లాడాలి, తర్వాత సంగతి ఎవరికి తెలుసు అని నవ్వింది.

గిన్నెలన్నీ కడిగినవే మళ్లీ కడిగాను.

ఫిబ్రవరి 18

స్కాన్ రిపోర్టులో ఏమీ లేదు. మంచిదే అన్నాడు డాక్టరు. మరి ఎప్పుడు తగ్గుతుంది అంటే, చూడాలి అన్నాడు. పూర్తిగా తగ్గుతుందా అంటే, మళ్లీ చూడాలే.

షాపులో అందరూ భోజనానికి వెళ్లాక ముందు గదిలో అద్దం ముందు నిలబడి, అక్కా, బావున్నానక్కా, అని అలవాటు చేసుకున్నాను. అద్దంలో మనిషి వెక్కిరిస్తున్నట్టుంది. నేను బిడియపడి ఇన్నాళ్లు దాక్కోకుండా మొదటి రోజే ఆవిడ ముందు కూర్చుని ఉంటే ఈపాటికి అలవాటు పడేది. ఇప్పుడు ఒక్క రోజుంది. నాకు భయంగా ఉంది. ఈ మాట ఎవరితోనూ అనలేదు, ఆయనతో కూడా.

ఫిబ్రవరి 19, సాయంత్రం

ఫోన్ వచ్చింది. అత్తయ్య చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టాను. రానంది. వదల్లేదు. ఆయన స్పీకర్ పెట్టారు.

చిన్నత్తయ్య అక్కా అంది. నేను అక్కా అన్నాను. అత్తయ్య తల అడ్డంగా ఊపింది. మళ్లీ అన్నాను. చెమటలు పడుతున్నాయి. అవతల ఆవిడ చెప్పుకుంటూ పోతోంది, నర్సు వచ్చింది, ఫోన్ తీసేసుకుంటారు అంటోంది. నేను ఎక్కడో వెనక ఉండిపోయాను.

అప్పుడు అత్తయ్య ముందుకి జరిగి, అరచెయ్యి చాపి నా ఎడమ చెంప మీద వేసింది. ముక్కు పక్క నుంచి గడ్డం దాకా, చచ్చిన సగమంతా మూసేసింది. మిగిలిన సగాన్ని చూసింది.

“ఇప్పుడు చెప్పు” అంది.

అక్కా, అన్నాను.

ఊఁ, చెప్పవే, అంది.

చిన్నత్తయ్య అన్నది అన్నట్టు అన్నాను. నాకు భయంగా ఉందక్కా. భ దగ్గర పెదవి జారింది. మళ్లీ అన్నాను. భయంగా ఉంది. పైకి నవ్వుతున్నాను గానీ భయంగా ఉంది. ఎవరికీ చెప్పలేదు.

అత్తయ్య నా మొహంలోకి చూస్తూనే చెల్లెలితో అంది.

“భయమెందుకే పిచ్చిదానా. నేను లేనూ?”

అవతల చిన్నత్తయ్య ఏడ్చింది. ఆ ఏడుపు నేను విడిగా చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

ఈ జబ్బులో చెంప మొద్దుబారుతుందనుకుంటారు అందరూ. కదలదు, అంతే. స్పర్శ అంతా తెలుస్తుంది. ఆవిడ చెయ్యి గరుగ్గా, వెచ్చగా ఉంది.

పెళ్లయి ఇన్నేళ్లు. ఆవిడ నన్ను ముట్టుకుని మాట్లాడటం ఇదే మొదలు.

ఫిబ్రవరి 21

చిన్నత్తయ్యకి తెలివొచ్చింది. అక్క ఏం చేస్తోందని అడిగిందట.

ఫిబ్రవరి 28

చెంప మీద చెయ్యి వేయించుకుని పోట్లాడటం కుదరదనుకున్నాను. కుదురుతుంది. ఇవాళ బీరువా తాళాల గురించి అరగంట. నేను లేచిపోదామంటే చెయ్యి తియ్యదు, ఇంకా అయిపోలేదు కూర్చో అంటుంది. కిటికీలోంచి చూసిన పక్కింటావిడ, అత్తగారు కొడుతోందనుకుని పరిగెత్తుకొచ్చింది. ఆవిడ ఏమందో అత్తయ్యకి చెప్పడానికి మళ్లీ చెంప అప్పగించాల్సి వచ్చింది.

మార్చి 17

మూతి ఎడమ మూల కదిలింది. రవ్వంత. షాపులో అద్దంలో చూశాను, నిజమే. ఆయనకి చెప్పాను.

అత్తయ్యకి చెప్పలేదు. చెబితే చెయ్యి తీసేస్తుంది.