డాక్టరమ్మ వాళ్లమ్మ కండ్లు

అక్కా,

నువ్వు పోయి నేటికి రెండేండ్లు. మొన్న నా కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది.

కళ్యాణదుర్గం ఆస్పత్రిలో డాక్టరమ్మ రెండు లెన్సులు చూపించింది, ఒకటి ఫారిన్‌ది, ఇంకోటి మన దేశంది. "నీకు మనదే చాలమ్మా" అనింది. ఖరీదైంది వద్దంటాందంటే ఇందులో ఏదో మతలబు ఉండాది అనుకున్యా.

"కంట్లో ఏది పెడతారో నాకెట్ల తెలుస్తాది?"

"డబ్బా మీది స్టిక్కరు నీ కార్డుకు అంటిస్తాం."

"స్టిక్కరుదేముందమ్మా, దేనికైనా అంటుకుంటాది."

ఆమె కోప్పడలేదు. "మా అమ్మకు నేనే ఈ లెన్సు పెట్టినా" అనింది.

"అయితే మీ అమ్మను చూపించు."

వాళ్ల ఇల్లు ఆస్పత్రి వెనకే. పోయినా. ముసలామె కంటద్దాల్లేకుండా అరుగు మీద చెనిక్కాయలు ఒలుస్తాంది. నేనింకా గేటు కాడ ఉండంగానే, "ఏమ్మా, నీ చీర అంచుకు పల్లేరుకాయ అంటుకుండాది, గుచ్చుకుంటాది" అనింది. కూతురు ముందే ఫోన్ చేసి నేర్పిందేమో అనుకున్యా. కానీ పల్లేరుకాయ సంగతి నాకే తెలీదు, కూతురికెట్ల తెలుస్తాది? ఆ లెన్సే పెట్టమని చెప్పినా.

నిన్న పట్టీ విప్పినారు. గోడ మీద పోయే చీమలు గూడా కనపడతాండాయి.

నువ్వుండంగా ఒక పొద్దు నీ కండ్లకు ఇదే ఆపరేషన్ చేస్తామని కంటి క్యాంపోళ్లు వ్యాను తెచ్చినారు. "వాళ్లను నమ్మొద్దక్కా, ఉన్న చూపు గూడా పోతాది" అని నిన్ను ఎక్కనియ్యలేదు నేను. నేను ఎవరినీ నమ్మను గదా. నువ్వు మాత్రం నన్ను నమ్మి, పోయేదాకా నా చెయ్యి పట్టుకోనే నడిచినావు.

నీ చెల్లెలు